రేసింగ్‌లో కెరీర్ కావాలి... మా అక్క అడిగినదానికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా స్టూడెంట్‌లో మా కాలేజీ టీమ్‌కి ఇంజిన్ విభాగంలో ఉన్నాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు చూసినప్పటి నుంచి మోటార్‌స్పోర్ట్‌లోనే పనిచేయాలని ఉంది. ఈసారి కారును ఎలక్ట్రిక్‌కి మార్చేద్దామని మా బ్యాచ్ అంటోంది. ఇంజిన్ సౌండ్ లేకపోతే అది రేసింగే కాదని సీనియర్లు ఒప్పుకోవట్లేదు. ఇంట్లో మా అక్క ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. ‘ఎండలకు జనం పిట్టల్లా రాలిపోతుంటే, సరదా కోసం పెట్రోల్ తగలేసే పనికి నీ చదువు పెడతావా?’ అని అడిగింది. నేనేం చెప్పలేకపోయాను. ఈ దారిలో వెళ్లొచ్చా?

జవాబు: అక్క మాటను కొట్టిపారేయకు తల్లీ. ఈ రంగం గురించి నాకు రాసే పిల్లలు ప్యాకేజీ ఎంత, ఏ యూనివర్సిటీ మంచిది, వీసా వస్తుందా అని అడుగుతారు. నువ్వు అడిగింది వాటన్నిటికన్నా ముందు తేలాల్సిన సంగతి. అది తేల్చకుండా కాలేజీల పేర్లు చెప్పి పంపిస్తే నీకు అన్యాయం చేసినట్టే.

ముందు లెక్క చూద్దాం. 2030 కల్లా నెట్ జీరో (వెలువడే కర్బనాన్ని తగ్గించి, మిగిలినదాన్ని భర్తీ చేసి లెక్కను సున్నాకి తేవడం) సాధిస్తామని ఫార్ములా వన్ 2019 నవంబరులో ప్రకటించింది. అప్పుడే 2018 సీజన్‌లో తన వల్ల ఎంత కర్బనం వెలువడిందో బయటపెట్టింది. మొత్తం 2,56,551 టన్నులు. అందులో రేసు కార్ల ఇంజిన్ల వాటా ఎంతో తెలుసా? 0.7 శాతం. కార్లు, టైర్లు, సామగ్రి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించడానికి 45 శాతం అయింది. మనుషుల ప్రయాణాలు, హోటళ్లు 27.7 శాతం. ఫ్యాక్టరీలు, ఆఫీసులు 19.3 శాతం. రేసు జరిగే చోట ఏర్పాట్లు 7.3 శాతం. టికెట్ కొని చూడ్డానికి వచ్చే లక్షల మంది ప్రయాణాలు ఇందులో లేనే లేవు. వాటినీ కలిపితే ఇంజిన్ల వాటా ఇంకా చిన్నదవుతుంది.

అంటే మీ టీమ్‌లో నడుస్తున్న గొడవంతా ఆ 0.7 శాతం చుట్టూనే. అక్క కోపం న్యాయమైనదే, కానీ అసలు నష్టం ఎగ్జాస్ట్ పైపు దగ్గర లేదు, రేసుల క్యాలెండర్‌లో ఉంది. 2018లో 21 రేసులు జరిగితే 2024లో 24 జరిగాయి. సెప్టెంబరులో జరిగే జపాన్ రేసును 2024లో ఏప్రిల్‌కి జరిపి, ఆ చుట్టుపక్కల దేశాల రేసులకు దగ్గర చేశారు. 2026లో కెనడా రేసును మే నెలకి తెచ్చి అమెరికాలోని మయామీ రేసు తర్వాత పెట్టారు. అంతకుముందే, ఫ్యాక్టరీలకు శుభ్రమైన కరెంటు వాడటం లాంటివాటితో 2022 నాటికి మొత్తం 13 శాతం తగ్గిందని వాళ్ల లెక్క. ఒకపక్క తగ్గిస్తూ ఇంకోపక్క రేసులు పెంచుకుంటూ పోతే 2030 మాట ఎలా నిలబెట్టుకుంటారన్న అనుమానం నాకూ ఉంది. అయితే ఆ తగ్గిన 13 శాతం వెనక రూట్లు లెక్కేసినవాళ్లు, సామగ్రి బరువు తగ్గించినవాళ్లు, ఫ్యాక్టరీ కరెంటు లెక్క పట్టినవాళ్లు ఉన్నారు. అవన్నీ ఇంజినీర్లు చేసే ఉద్యోగాలే.

మీ సీనియర్ల మాటనూ నేను తేలిగ్గా తీసెయ్యను. 2014లో ఫార్ములా వన్ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్లు తీసేసి ఆరు సిలిండర్ల, 1.6 లీటర్ల హైబ్రిడ్ వీ6లు తెచ్చినప్పుడు, ఆ సౌండ్ పోయిందని అభిమానులు నిజంగానే బాధపడ్డారు. తరాలుగా జనం పెంచుకున్న ఇష్టం అది, రూల్ మార్చినంత మాత్రాన పోదు. కానీ ఆ సౌండ్ తగ్గిన ఇంజిన్లే ఇంధనంలోని శక్తిని సగానికి పైగా పనిలోకి మార్చగలిగాయి. 2017లో మెర్సిడెస్ ఇంజిన్ పరీక్షించే టెస్ట్ బెంచ్ మీద ఈ గీత దాటింది. మామూలు పెట్రోల్ కారు ఇంజిన్‌ది చాలావరకు 40 శాతం లోపే. మీ కారులో ఇంజిన్‌లోకి వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండానే పోవాలి కదా. ఆ చిన్న రంధ్రంతో కుస్తీ పట్టినవాళ్లకు ఉన్నదాంట్లోంచి ఎక్కువ రాబట్టడం ఎంత కష్టమో, అందులో ఎంత ఆనందముందో నేను చెప్పక్కర్లేదు.

పాతదాన్ని నిలుపుకుంటూనే మారొచ్చని చూపినవాళ్లూ ఉన్నారు. ఫార్ములా వన్ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ 2022లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో తన సొంత కారు, 1992 నాటి విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బీని, శిలాజ ఇంధనం కాకుండా సస్టైనబుల్ ఇంధనం పోసి నడిపాడు. ఆ పాత వీ10 మోత అలాగే ఉంది. అదే ఏడాది మేలో బీబీసీ చర్చలో, పర్యావరణం గురించి మాట్లాడుతూ ఫార్ములా వన్‌లో తిరగడం కపటం కాదా అని అడిగితే, అవునని ఒప్పుకున్నాడు. ఆ సీజన్ చివర్లో రిటైరయ్యాడు. నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషికే తేలికగా తేలని ప్రశ్న ఇది. నువ్వు అక్క ముందు నోరు పెగలక నిలబడిపోయావంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంధనం మార్చేస్తే చాలా అంటే, అదీ కాదు. ఫ్రాన్స్‌లోని లెమాన్ 24 గంటల రేసులో 2022 నుంచి వాడుతున్న ఇంధనం వైన్ తయారీలో మిగిలే పిప్పి నుంచి తీసింది. పారేసేదాన్నుంచి తీస్తే బాగానే ఉంటుంది. మరి ఇథనాల్ లాంటి ఇంధనాన్ని తిండిగింజల నుంచి తీస్తే? ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కిన సంగతి పేపర్లో చదివే ఉంటావు. ఇంధనం ఏదైనా అది ఎక్కడ, ఎవరి నీళ్లతో, ఎవరి పొలాల పక్కన తయారవుతోందన్నది చూడాల్సిందే. బ్యాటరీకైనా అంతే, గనుల దగ్గర్నుంచి లెక్క మొదలవుతుంది.

పర్యావరణం ఒక్కటే కాదు, ఇంకో రెండు సంగతులు కూడా ఆలోచించుకో. ఒకటి, ప్రాణాలు. 1955లో లెమాన్‌లో కారు శకలాలు జనం మీద పడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసింగ్‌నే నిషేధించింది. దశాబ్దాల తర్వాత 2018లో జ్యూరిక్‌లో మళ్లీ రేసు పెట్టనిచ్చింది, అదీ ఎలక్ట్రిక్ కార్లకే. మన దగ్గర 2023 ఆగస్టులో చెన్నై సర్క్యూట్‌లో బైక్ రేసులో 13 ఏళ్ల పిల్లాడు చనిపోయాడు. పిల్లల్ని ఏ వయసులో ట్రాక్ మీదికి పంపాలో పెద్దవాళ్లు ఇంకా గట్టిగా ఆలోచించాల్సి ఉంది. సేఫ్టీ ఇంజినీరింగ్ ఈ రంగంలో అన్నిటికన్నా గౌరవమైన పని అని నా నమ్మకం.

రెండోది, ఎవరి డబ్బుతో, ఎవరి గడ్డ మీద రేసు అన్నది. 2011లో నిరసనల వల్ల బహ్రెయిన్ రేసు రద్దయింది. 2022లో సౌదీలోని జెడ్డాలో ప్రాక్టీస్ జరుగుతుండగానే దగ్గర్లోని ఆయిల్ డిపో మీద క్షిపణి పడింది, పొగ ట్రాక్‌కి కనిపించింది. అయినా రేసు జరిపారు. ఉద్యోగంలో చేరాక ‘నేను రాను’ అనడం అందరికీ కుదరదు. ఏ పని చేస్తాను, ఏది చేయను అన్నది ఆఫర్ లెటర్ చేతికి రాకముందే, టెన్షన్ లేని రోజుల్లో కాగితం మీద రాసి పెట్టుకో.

ఇక మీ టీమ్ గొడవ. ఎలక్ట్రిక్‌కి మారాలంటే హైవోల్టేజ్ భద్రత తెలిసిన ఫ్యాకల్టీ, ఇన్సులేషన్ పరీక్షించే సామాను, బ్యాటరీ ప్యాక్‌కి డబ్బు ఉండాలి. అవి లేకుండా ఆవేశంగా మారొద్దు, ఎవరికైనా షాక్ తగిలితే ఏ ఆదర్శమూ కాపాడదు. ఉంటే మాత్రం మారండి. నువ్వు మెకానికల్ అని వెనకడుగు వేయకు. బ్యాటరీని చల్లగా ఉంచడం పూర్తిగా మీ పనే, మన ఎండల్లో అది చాలా పెద్ద పని. ఈ ఏడాది మారడం కుదరకపోతే పెట్రోల్ కారుతోనే వెళ్లండి.

ఏ కారైనా, ఒక పని మాత్రం నువ్వు మొదలుపెట్టు. మీ కారుకు సీజన్ మొత్తంలో ఎంత కర్బనం ఖర్చయిందో లెక్క రాయి. ఛాసిస్ గొట్టాల స్టీలు, కార్బన్ ఫైబర్, వెల్డింగ్ కరెంటు, అరిగిన టైర్లు, టెస్టింగ్‌లో తాగిన పెట్రోల్, కారుని పోటీకి కోయంబత్తూరు తీసుకెళ్లిన లారీ డీజిల్, మీరంతా ఎక్కిన రైలు టికెట్లు అన్నీ రాయి. దీన్ని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు, ఐఎస్ఓ 14040 అనే ప్రమాణం ఉంది. అక్క చదువులో ఇది ఉండే ఉంటుంది, ఆమెనే సాయం అడుగు. ఫార్ములా భారత్ లాంటి విద్యార్థి పోటీల్లో డిజైన్ జడ్జీల ముందు ఈ లెక్క పెడితే, నిన్ను అడిగే ప్రశ్నల తీరే మారిపోతుంది. ఇప్పుడు రేసింగ్ టీములకు ప్రపంచ మోటార్‌స్పోర్ట్ పాలక సంస్థ ఎఫ్ఐఏ పర్యావరణ గుర్తింపు ఇస్తోంది, అందుకోసం ఇలా లెక్కలు కట్టగలిగే ఇంజినీర్లు కావాలి.

ఉద్యోగాల మాట ఉన్నదున్నట్టు చెబుతాను. మన దేశంలో పూర్తిగా రేసింగ్ మీదే బతికే ఇంజినీరింగ్ ఉద్యోగాలు చాలా తక్కువ. నువ్వు చూసిన హైదరాబాద్ రేసే 2024లో రద్దయింది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ మూడేళ్లే, 2011 నుంచి 2013 వరకే జరిగింది. ప్రభుత్వాలు, పన్నుల మీద ఆధారపడ్డ ఈవెంట్‌ని నమ్ముకుని కెరీర్ కట్టుకోకూడదు. ఫార్ములా ఈలో ఉన్న మన టీమ్ మహీంద్రా రేసింగ్ కూడా ఇంగ్లండ్‌లోని బాన్‌బరీ నుంచి పనిచేస్తుంది. ఎక్కువ టీములు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీల్లో మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ ఉంది. మంచి కోర్సులే, కానీ ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లమని మాత్రం చెప్పను. స్కాలర్‌షిప్ వస్తేనో, ముందు ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేసి దాచుకున్న డబ్బుతోనో వెళ్లు.

టెక్నాలజీలో ఒకేదాన్ని పట్టుకుని కూర్చోవద్దు. కర్బనం తగ్గించుకోవాలనే 2021 తర్వాత ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటామన్న హోండా, కొత్త రూల్స్ చూసి 2026కి తిరిగొచ్చింది. ఆ రూల్స్‌లో శక్తిలో దాదాపు సగం ఎలక్ట్రిక్, ఇంధనం పూర్తిగా సస్టైనబుల్. మరోపక్క ఎలక్ట్రిక్ బైకుల మోటోఈ ఆదరణ లేక 2025తో ఆగిపోయింది. కాబట్టి కంబషన్ (ఇంజిన్‌లో ఇంధనం మండించే పని), బ్యాటరీ థర్మల్ (బ్యాటరీ వేడిని అదుపు చేసే పని), డేటా ఈ మూడింట్లో రెండైనా గట్టిగా రావాలి. అవి వస్తే రేసింగ్ దొరక్కపోయినా చెన్నై, పుణె, బెంగళూరుల్లో ఈవీ కంపెనీలు, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థలు ఉన్నాయి.

కాబట్టి వెళ్లు తల్లీ, నేనైతే వద్దనను. ఈ సెలవుల్లో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌లో మార్షల్‌గా (ట్రాక్ పక్కన నిలబడి భద్రత చూసే మనిషిగా) వాలంటీర్ చేసే వీలుందేమో కనుక్కో. రేసును గ్యాలరీలోంచి కాకుండా ట్రాక్ అంచు నుంచి చూడు. మూడో ఏడాది అయ్యేలోపు ఆ కర్బనం లెక్క పూర్తిచేసి నాకు పంపు. మాస్టర్స్‌కి ఎక్కడ అప్లై చేయాలో అది చూశాక మాట్లాడుకుందాం.