బంటీ గడ్డం గిల్లకు

పర్లాకిమిడి

చిరంజీవి కిట్టూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ కుక్క బంటీ ఫొటోలు కళ్లజోడు పెట్టుకుని, పెద్దవి చేసి మరీ చూశాను. పెదవి కిందా, గడ్డం మీదా ఎర్రగా లేచినవి మొటిమల్లాగే ఉన్నాయి. 7 నెలల డాబర్‌మన్ కుక్కపిల్ల, పొట్టి బొచ్చు. వయసూ జాతీ రెండూ సరిపోయాయి. డాబర్‌మన్, బాక్సర్, బుల్‌డాగ్, గ్రేట్ డేన్ లాంటివాటికి 5-8 నెలల వయసులో ఇవి మొదలవుతాయి. చాలావాటికి ఏడాది దాటాక తగ్గిపోతాయి కూడా. నిద్ర మానుకుని టెన్షన్ పడేంత సంగతి కాదు.

మొటిమలని పేరే గానీ నీకు ఇంటర్లో వచ్చినవాటికీ వీటికీ పోలిక తక్కువ. గడ్డం మీది గరుకు వెంట్రుకలు రాపిడికి చర్మం లోపలే విరుగుతాయి. విరిగిన ముక్క ముల్లులా గుచ్చుకుని అక్కడ వాస్తుంది. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా అందులో చేరి చీము పట్టిస్తుంది. నువ్వు గిల్లావంటే అది లోపలే పగిలి, పుండు లోతై మచ్చ మిగులుతుంది. నీ మొహం విషయంలో ఎంత మొత్తుకున్నా వినలేదు, దాని గడ్డమైనా వదిలెయ్.

మందుల కంటే ముందు రాపిడి ఎక్కడ తగులుతోందో చూడు. ఒక రోజంతా దాని వెనకే తిరుగు. ఫొటోలో వెనక గోనె సంచి కనిపించింది, దాని మీదేనా పడుకునేది? గేటు కింది కడ్డీకి గడ్డం ఆనించి రోడ్డు చూస్తుందా? మీ పెరట్లో కొబ్బరి డొక్కలు కొరుకుతుందా? మా రెండో కుక్కకి ఆ డొక్కల పీచే శత్రువైంది, అవి దాచేశాక సగం తగ్గింది. పడుకోవడానికి పాత నూలు దుప్పటి వెయ్యి, రెండు రోజులకోసారి ఉతుకు. తిండికి ప్లాస్టిక్ గిన్నె వద్దు, స్టీలుది పెట్టి రోజూ తోము. తిన్నాక మూతి తడిగా వదలకుండా మెత్తటి గుడ్డతో అద్దు. రుద్దకు, అద్దు.

గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ 5 నిమిషాలు గడ్డానికి ఆనిస్తే దానికి హాయిగా ఉంటుంది. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు ఉన్న కుక్కల షాంపూ డాక్టర్ రాస్తే, నురగ 10 నిమిషాలు ఉంచి కడుగు. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు కూడా రాస్తారు. అదీ కుక్కలకి చేసిన తక్కువ శాతానిదే వాడాలి, మనుషుల జెల్ ఘాటుకి చర్మం మండిపోతుంది. తువ్వాలు రంగు కూడా పోతుంది, మీ అమ్మ తిడుతుంది.

మీ అమ్మంటే గుర్తొచ్చింది, పసుపు పూయమందన్నావు కదా. పూస్తే ఎరుపు తగ్గిందో పెరిగిందో కనిపించదు, పూసేటప్పుడు మళ్లీ రాపిడే. పైగా కుక్క గడ్డానికి ఏది రాసినా చివరికి దాని కడుపులోకే పోతుంది. టీ ట్రీ ఆయిల్, జింక్ ఉన్న క్రీములు దానికి విషం.

నేను చేసిన పొరపాటూ చెప్తాను. మా మొదటి కుక్కకి గడ్డం మీద ఇలాగే వస్తే మందుల షాపులో అడిగాను. గజ్జికీ తామరకీ అన్నిటికీ పనిచేస్తుందని ఒక ట్యూబు చేతిలో పెట్టారు. నాలుగు రోజుల్లో గడ్డం నున్నగా అయిపోయింది, నా వైద్యానికి నేనే మురిసిపోయాను. తర్వాత కళ్ల చుట్టూ బొచ్చు రాలడం మొదలైంది. డాక్టర్‌గారు బ్లేడుతో చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే డెమోడెక్స్ అనే సన్న పురుగులు. అసలు అవి మొటిమలే కాదు. ఆ ట్యూబులోని స్టెరాయిడ్‌తో ఒంటి కాపుదల తగ్గి పురుగులకి పండగైంది. అది కోలుకునేసరికి మూడు నెలలు పట్టింది, ఆ పాపం నాదే.

అందుకే ముందు గీకి చూడమని అడుగు, తర్వాతే మందు. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే తామర కావచ్చు, అది మనకీ అంటుకుంటుంది. తేలేదాకా చంటిదాన్ని బంటీ మూతి ముద్దాడనివ్వకు. దవడ కింద గడ్డలు వాచినా, తిండి మానేసినా, రక్తం చీము కారుతున్నా మర్నాటిదాకా ఆగొద్దు. లోతు పుండ్లకి మాత్రలు వారాల తరబడి ఇస్తారు. పైకి బాగుపడిందని మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుంది.

గుణుపూర్ పశువుల ఆసుపత్రికి పొద్దున్నే తీసుకెళ్లు. ఎప్పుడు మొదలైందో, ఏం పెడుతున్నావో, ఏం రాశావో కాగితం మీద రాసుకుని వెళ్లు. చెప్పడానికి నీ ఒడియా నాకంటే నయమే కదా. అక్కడ మైక్రోస్కోపు లేదంటే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నేనూ వస్తాను.

ఆదివారం మళ్లీ ఫొటో పంపు, ఎండ వెలుతురులో, అదే పక్కనుంచి తీసి. ఈ రాత్రికి మాత్రం ఆ గోనె తీసెయ్.

ఇట్లు
పెద్దమ్మ