యుద్ధం నడిచే దేశానికి ఇచ్చిన సాయంలో ఏది నిలుస్తుంది?

రేపో మాపో ప్రభుత్వమే కూలిపోయే దేశాలకు మన పన్నుల సొమ్ము ఇవ్వడం బూడిదలో పోసిన పన్నీరు కాదా అని మీరు అడిగారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఒక శిక్షణ సంస్థలో విదేశీ అధికారుల తరగతులకు సమన్వయకర్తగా చాలాకాలం పనిచేసినందున, నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

కొంత సొమ్ము నిజంగానే బూడిదపాలవుతుంది. అయితే ఏది పోతుందో, ఏది నిలుస్తుందో చాలావరకు ముందే పసిగట్టవచ్చు. అఫ్గానిస్థాన్ రాజధాని కాబూల్ కరెంటు సంగతే చూడండి. అమెరికా ప్రభుత్వం సుమారు 33.5 కోట్ల డాలర్లతో అక్కడ తరఖిల్ దగ్గర 105 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం కట్టించింది. డీజిల్ ఖర్చు భరించలేక అది ఎక్కువ కాలం అత్యవసర కేంద్రంగానే ఉండిపోయింది. అదే కాబూల్‌కు మన పవర్‌గ్రిడ్ సంస్థ ఉత్తరాన ఉన్న పుల్-ఎ-ఖుమ్రీ పట్టణం నుంచి హిందూకుష్ పర్వతాల మీదుగా 202 కిలోమీటర్ల లైను వేసి, ఉజ్బెకిస్థాన్ నుంచి చవకగా వచ్చే కరెంటును 2009లో అందించింది. పోరాటాల్లో ఆ ప్రాంతపు విద్యుత్ టవర్లను పేల్చివేసిన సందర్భాలు లేకపోలేదు. కానీ కూలిన టవరును మళ్లీ నిలబెట్టవచ్చు, రోజూ కొనాల్సిన డీజిల్‌కు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

రెండో రకం సాయం, అంటే మనుషులకు శిక్షణ ఇవ్వడం, బయటికి అంతగా కనిపించదు. 1964లో మొదలైన ఐటెక్ (భారత సాంకేతిక, ఆర్థిక సహకార) పథకం కింద మన విదేశాంగ శాఖ విమాన ఛార్జీలు, బస, భోజనం భరించి ఇతర దేశాల ఉద్యోగులకు ఇక్కడ శిక్షణ ఇప్పిస్తుంది. ఒకసారి అలా వచ్చినవారిని రంగారెడ్డి జిల్లాలోని ఒక ఊళ్లో మహిళా సంఘం సమావేశానికి తీసుకెళ్లాము. ఒక అఫ్గాన్ అధికారిణి తీర్మానాల పుస్తకం చేతిలోకి తీసుకుని, సంతకాల పక్కన వరుసగా పడి ఉన్న వేలిముద్రలను చాలాసేపు చూసి, "మీ లీడరు ఊరు విడిచి వెళ్లిపోతే ఈ పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది?" అని దుబాసీ ద్వారా అడిగారు. "పుస్తకం రెండో లీడరు ఇంట్లో ఉంటదమ్మా, పెట్టె తాళంచెవి ఇంకొకరి దగ్గర, లెక్క మాత్రం అందరికీ నోటికి తెలుసు" అని సంఘం సభ్యురాలు చెప్పింది. తమ వైపు కాల్పులు మొదలైతే ముందు పోయేవి కాగితాలేనని, ఎవరికి ఎంత ముట్టిందో చెప్పే ఆధారం లేక పనులన్నీ ఆగిపోతాయని, అందుకే అడిగానని ఆ అధికారిణి తర్వాత వివరించారు. మా పాఠాల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. అఫ్గానిస్థాన్‌లో 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం అనే గ్రామాభివృద్ధి పథకం కూడా ఊరి మండలిని ఊరివాళ్లే ఎన్నుకుని, పనిని వాళ్లే తేల్చుకునే పద్ధతిపైనే నడిచింది. చేతులు మారినా లెక్క పోకూడదన్నదే అలాంటి చోట అసలు సమస్య.

మన ఊళ్లకే రోడ్లు లేనప్పుడు వాళ్లకెందుకు అన్న మాటకు వస్తే, 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అఫ్గానిస్థాన్‌కు కేటాయించింది 100 కోట్ల రూపాయలు. అంత పెద్ద బడ్జెట్‌లో ఇది మన రోడ్లను ఆపే మొత్తం కాదు.

నా బాధ వేరే ఉంది. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారంలోకి వచ్చాక ఆ దేశంలో మహిళలను చాలా ఉద్యోగాల నుంచి, ఆడపిల్లలను ఉన్నత పాఠశాలల నుంచి దూరం చేశారు. మన దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్లలో అలాంటి మహిళలు కూడా ఉన్నారు. అఫ్గాన్ విద్యార్థులకు ఇప్పటికీ ఇస్తున్న ఆన్‌లైన్ చదువుల ఉపకారవేతనాలే వాళ్లకు ఇంటి గడప దాటకుండా అందే సాయం కాబట్టి, కొత్త భవనాల కన్నా ముందు వాటికి నిధులు పెంచాలని గట్టిగా కోరుకుంటున్నాను.