లాన్ కేబుల్ పెట్టగానే వైఫైలో ఇంటర్నెట్ ఆగిపోతోంది: లినక్స్ మింట్‌లో ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురంలోని మీ దుకాణంలో లినక్స్ మింట్ వేసిన ల్యాప్‌టాప్‌ను ప్రింటరు, సీసీ కెమెరాల డీవీఆర్ (దృశ్యాలను రికార్డు చేసే పరికరం) కలిపి ఉన్న పెట్టెకు లాన్ కేబుల్‌తో కలిపినప్పుడు ఆ రెండూ పనిచేస్తున్నాయి గానీ ఇంటర్నెట్ పోతోంది. కేబుల్ తీయగానే వైఫై ద్వారా అన్నీ మామూలుగా తెరుచుకుంటున్నాయి. వైఫై కార్డు పోయింది, యూఎస్‌బీ అడాప్టర్ కొనమని ఒకరు, లినక్స్ మొత్తం తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మరొకరు సలహా ఇచ్చారని రాశారు. దయచేసి ఆ రెండు పనులూ చేయవద్దు. కేబుల్ లేనప్పుడు వైఫై చక్కగా నడుస్తోందంటే కార్డు, డ్రైవరు, పాస్‌వర్డు, రౌటరు అన్నీ బాగున్నట్టే. అలాంటప్పుడు కొత్త అడాప్టర్ వల్ల గానీ, కొత్త ఇన్‌స్టాలేషన్ వల్ల గానీ మారేదేమీ ఉండదు. మళ్లీ కేబుల్ పెట్టిన రోజున మళ్లీ ఇదే జరుగుతుంది.

నేను కర్నూలులో కొన్ని దుకాణాల, ట్యుటోరియల్ సంస్థల కంప్యూటర్ల బాగోగులు చూస్తుంటాను. ఒక జిరాక్స్ సెంటర్‌లో అచ్చం మీ పరిస్థితే ఎదురైంది. అక్కడ ప్రింటర్లన్నిటినీ కలపడానికి స్విచ్ (కేబుళ్లన్నిటినీ ఒకచోట కలిపే పెట్టె) కొనకుండా, మూలన పడి ఉన్న పాత రౌటరునే స్విచ్‌గా వాడుకున్నారు. ఇది తప్పేమీ కాదు, మన ఊళ్లలో చాలాచోట్ల ఇలాగే చేస్తారు. అయితే ఆ పాత రౌటరులో డీహెచ్‌సీపీ, అంటే కంప్యూటర్లకు చిరునామాలను తానే పంచే ఏర్పాటు, ఇంకా పనిచేస్తూనే ఉంది. కేబుల్ పెట్టిన ప్రతి కంప్యూటరుకు అది ఒక ఐపీ చిరునామాను ఇస్తూ, దానితోపాటు ‘బయటి ప్రపంచానికి వెళ్లే గేట్‌వేను నేనే’ అని కూడా చెబుతోంది. దాని వెనుక ఇంటర్నెట్ లేదన్న సంగతి కంప్యూటరుకు తెలియదు కాబట్టి ఆ మాటను నమ్ముతుంది.

ఎందుకు నమ్ముతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సమస్య అంతా ఇక్కడే ఉంది. మింట్‌లో నెట్‌వర్క్ వ్యవహారాలను నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాము చూస్తుంది. బయటికి వెళ్లడానికి రెండు దారులు కనిపించినప్పుడు ఒక్కొక్క దారికి మెట్రిక్ అనే సంఖ్యను కేటాయించి, ఏది తక్కువైతే దానినే వాడుతుంది. ఎవరూ మార్చకపోతే కేబుల్ కనెక్షన్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది. సాధారణంగా కేబులే వేగంగా, నిలకడగా ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు సబబైనదే. మీ దుకాణంలో మాత్రం కేబుల్ వెనుక ఇంటర్నెట్ లేదు. కనెక్టివిటీ పరీక్ష (ఆ దారిలో ఇంటర్నెట్ నిజంగా అందుతోందా అని చూడడం) అమలులో ఉన్న కొన్ని లినక్స్ రకాలలో, ఇంటర్నెట్ అందని దారి మెట్రిక్‌కు 20000 కలిపి దానిని వెనక్కి నెడతారు. ఆ పరీక్ష ఆపివేసి ఉన్న చోట కేబులే గెలుస్తుంది.

ఇది ఊహ కాదని మీరే నిర్ధారించుకోవచ్చు. కేబుల్, వైఫై రెండూ కలిపి ఉంచి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘ఐపీ రూట్’ అనే ఆదేశం ఇవ్వండి. ‘డిఫాల్ట్’ అనే మాటతో మొదలయ్యే వరుసలు రెండు కనిపించి, ఒకదానిలో ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేరుతో మెట్రిక్ 100, మరొకదానిలో ‘డబ్ల్యూఎల్‌పీ2ఎస్0’ వంటి పేరుతో మెట్రిక్ 600 ఉంటే, నేను చెప్పినదే కారణం. ‘ఈఎన్’తో మొదలయ్యే పేరు కేబుల్‌ది, ‘డబ్ల్యూఎల్’తో మొదలయ్యేది వైఫైది. ఇంకా నమ్మకం కలగాలంటే ‘పింగ్’ ఆదేశానికి పెద్ద ఐ అక్షరపు ఆప్షన్‌తో వైఫై పేరును జోడించి 8.8.8.8కు (ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వరుకు) పంపండి. అప్పుడు సమాధానం వచ్చి, పేరు చెప్పకుండా పంపినప్పుడు రాకపోతే ఇక సందేహం అక్కర్లేదు.

సరిదిద్దడానికి నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీలో ‘వైర్డ్ కనెక్షన్ 1’ను తెరిచి, ఐపీవీ4 ట్యాబ్‌లో రూట్స్ బటన్ నొక్కి, ఆ కనెక్షన్‌ను దాని నెట్‌వర్క్‌లోని పరికరాలకు మాత్రమే వాడాలనే గడిలో టిక్ పెట్టండి. ఐపీవీ6 ట్యాబ్‌లోనూ అదే చేయండి. చాలామంది దీనిని వదిలేస్తారు. టెర్మినల్ అలవాటున్నవారు నెట్‌వర్క్ మేనేజర్‌ను నడిపే ‘ఎన్ఎంసీఎల్ఐ’ ఆదేశంతో ఆ కనెక్షన్‌లోని ‘ఐపీవీ4.నెవర్-డిఫాల్ట్’, ‘ఐపీవీ6.నెవర్-డిఫాల్ట్’ విలువలను ‘యస్’గా మార్చవచ్చు. తరువాత కేబుల్ కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి, లేకపోతే పాత దారే కొనసాగుతుంది. ఇక ‘ఐపీ రూట్’లో కేబుల్ వైపు డిఫాల్ట్ వరుస కనిపించకూడదు, ప్రింటరు, డీవీఆర్ మాత్రం ఎప్పటిలాగే అందుబాటులో ఉంటాయి.

ఇంతటితో తొంభై పాళ్లు పని అయిపోతుంది గానీ, జిరాక్స్ సెంటర్‌లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన చిక్కు మరొకటి ఉంది. పాత రౌటరు, ఇంటర్నెట్ రౌటరు రెండూ 192.168.1 అనే ఒకే వరుస చిరునామాలను పంచుతున్నాయి. అప్పుడు 192.168.1.1 అని బ్రౌజర్‌లో కొడితే ఇంటర్నెట్ రౌటరుకు బదులు పాత రౌటరు పేజీ తెరుచుకుంటుంది, వైఫైలో ఉన్న ఇతర పరికరాలు కనిపించవు, వెబ్‌సైట్ పేరుకు ఐపీ చిరునామా ఏదని అడిగే డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా కేబుల్ వైపు వెళ్లి సమాధానం లేకుండా పోయే అవకాశం ఉంది. మీ ‘ఐపీ రూట్’ ఫలితంలో 192.168.1.0/24 వంటి వరుస రెండుసార్లు, రెండు వేర్వేరు పేర్లతో వస్తే మీకూ అదే చిక్కు ఉన్నట్టు. దీనికి సరైన పరిష్కారం పాత రౌటరు చిరునామాను 192.168.50.1 వంటిదానికి మార్చడమే. డీవీఆర్‌కు, ప్రింటరుకు చేతితో ఇచ్చిన స్థిరమైన చిరునామాలుంటే వాటి మెనూలలో వాటినీ 192.168.50 వరుసలోకి మార్చాలి, ల్యాప్‌టాప్‌లో ప్రింటరును మళ్లీ చేర్చాలి. దుకాణం మూసిన తరువాత తీరికగా చేయవలసిన పని ఇది. గిరాకీ మధ్యలో మొదలుపెట్టవద్దు.

పరికరాలన్నీ 192.168.50 వరుసలోకి వచ్చాక, డీహెచ్‌సీపీతో నిమిత్తం లేకుండా ల్యాప్‌టాప్ కేబుల్ కనెక్షన్‌కే 192.168.50.20, నెట్‌మాస్క్ 255.255.255.0 అని చేతితో ఇచ్చి, గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయడం మరో మార్గం. గేట్‌వే లేకపోతే డిఫాల్ట్ దారి పుట్టదు. ఎవరైనా పాత రౌటరును రీసెట్ చేసినా ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ చెడదు కాబట్టి నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

అన్నీ చేశాక కూడా 8.8.8.8కు పింగ్ వెళుతూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ అనే ఆదేశంతో ఏ కనెక్షన్‌కు ఏ డీఎన్ఎస్ సర్వరు ఉందో చూడండి. కేబుల్ కింద పాత రౌటరు చిరునామా కనిపిస్తే, ఆ కనెక్షన్‌లో ఆటోమేటిక్‌గా వచ్చే డీఎన్ఎస్‌ను వద్దనండి.

ఇదే ప్రశ్నతో వచ్చేవారిలో కొందరికి వైఫైయే రాకపోవచ్చు. వారికోసం క్లుప్తంగా రాస్తున్నాను. ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’ అన్నప్పుడు వైఫై పేరు జాబితాలోనే లేకపోతే డ్రైవరు గానీ ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) గానీ లేదు. పేరు ఉండి ‘అన్అవైలబుల్’ అని వస్తే ముందుగా, వైఫైని ఆపివేసి ఉంచారేమో చూపే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ ఆదేశం ఇచ్చి చూడండి; హార్డ్ బ్లాక్ అని ఉంటే కీబోర్డు మీదో పక్కనో ఉన్న వైఫై మీటను నొక్కాలి, ఆదేశాలతో అది పోదు. ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటే ఆ పరికరాన్ని నెట్‌వర్క్ మేనేజర్ పట్టించుకోవడం లేదని అర్థం. డెబియన్ అనే మరో లినక్స్‌లో ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలులో ఆ పేరు రాసి ఉంటే ఇలా జరుగుతుంది. కేబుల్ వేగం 1000 ఎంబీపీఎస్‌కు (గిగాబిట్‌కు) బదులు 100 దగ్గర ఆగితే కేబుల్‌నే అనుమానించండి, ఎందుకంటే గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు సరిపోతాయి. మా ప్రాంతపు పాత ఇళ్ల మందపాటి రాతి గోడలకు అవతల 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ నిలవదు, అక్కడ 2.4 గిగాహెర్ట్జ్‌నే వాడండి.

మీకు ఇంకా కుదరకపోతే, రెండూ కలిపి ఉన్నప్పటి ‘ఐపీ రూట్’, ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’ ఫలితాలను ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఫొటో కాకుండా అక్షరాలుగానే పెట్టండి, వైఫై పేరును మాత్రం చెరిపివేయండి.