పాఠకుల ప్రశ్నలు: లూచీయా పండుగ, అతి చిన్న పగలు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇటలీలోని వెరోనాలో ఉంటున్నాడు. డిసెంబర్ 13న వచ్చే సెయింట్ లూచీయా పండుగనాడే ఏడాదిలో అతి చిన్న పగలని అక్కడొక సామెత ఉందట. అతి చిన్న పగలు డిసెంబర్ 21న గదా? సామెత తప్పా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, ఈనాటి లెక్కకు తప్పే గాని, ఒకప్పుడు అది సరైన మాటే. ఐరోపాలో ఆనాడు వాడుకలో ఉన్న జూలియన్ క్యాలెండర్ ఏడాదికి 365 రోజుల 6 గంటలని లెక్కగట్టేది. అసలు సౌర సంవత్సరం అంతకన్నా సుమారు 11 నిమిషాలు తక్కువ కావడంతో, దాదాపు 128 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పేరుకుంటూ పోయి, 14వ శతాబ్దం నాటికి అతి చిన్న పగలు డిసెంబర్ 13 ప్రాంతానికి వచ్చింది. 1582లో పోప్ పదమూడవ గ్రెగరీ ఈ తేడాను సవరించినప్పుడు ఇటలీలో అక్టోబర్ 4 మర్నాడే అక్టోబర్ 15 అయింది. దాంతో అతి చిన్న పగలు డిసెంబర్ 21, 22 తేదీలకు జరిగింది.

సామెత మాత్రం కదలలేదు. "సాంతా లూచీయా, ఇల్ జోర్నో ప్యూ కోర్తో కే చి సీయా" అన్న ఆ మాటలో లూచీయాకు సీయాతో ప్రాస కుదిరింది; ఆ పేరు తీసి మరో పండుగ పేరు పెడితే ప్రాస చెడుతుంది, ప్రాస చెడిన సామెత నాలుక మీద నిలవదు. పోప్ ఆజ్ఞకు తేదీలు లొంగాయి గాని, ప్రాస లొంగలేదన్నమాట. పైగా రోమ్‌లో సూర్యుడు అన్నిటికన్నా ముందుగా అస్తమించేది డిసెంబర్ రెండో వారం ప్రాంతంలోనే కనుక, దీపాలు పెట్టే వేళను బట్టి పగటిని అంచనా వేసే ఇల్లాలికి సామెత ఇప్పటికీ నిజమనే తోస్తుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్‌లోనైనా మనం ఉత్తరాయణ పుణ్యకాలాన్ని జనవరిలో సంక్రాంతినాడే పాటిస్తున్నాం గదా! కాకపోతే అక్కడి తేడాకు కారణం లీపు లెక్క, ఇక్కడిదానికి అయనాంశ, అంటే ఋతువుల లెక్కకూ నక్షత్రాల లెక్కకూ మధ్య పేరుకున్న ఎడం.

మీ అబ్బాయి ఉండే వెరోనాలో 12వ తేదీ రాత్రి లూచీయా గాడిదతో వచ్చి కానుకలు ఇస్తుందని నమ్మే పిల్లలు ఆ గాడిదకు మేత పెట్టి పడుకుంటారు. తెల్లవారేసరికి కానుకలు సిద్ధంగా ఉంటాయి. సిసిలీలోని పాలెర్మోలో సంప్రదాయం పాటించేవారు ఆ రోజు రొట్టె, పాస్తా ముట్టరు; నానబెట్టి ఉడికించిన గోధుమల్లో తీపి రికోటా చీజ్ కలిపి కుచ్చీయా చేసుకుంటారు.

ప్రశ్న: మంగళ, శుక్రవారాల పట్టింపు ఇటలీవారికీ ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉంది. శుక్రవారం గాని మంగళవారం గాని పెళ్లి చేసుకోరాదని, ప్రయాణం పెట్టుకోరాదని వారి పాత సామెత. మంగళవారం యుద్ధదేవుడైన మార్స్‌ది, అంటే మన కుజగ్రహానిది. కనుక ఈ వారం విషయంలో ఇద్దరి భయమూ ఒకటే. శుక్రవారం దగ్గర మాత్రం దారులు వేరు. వారికది క్రీస్తును శిలువ వేసిన రోజు. మనకు లక్ష్మీదేవి రోజు. అందుకే మన ఇళ్లలో ఆనాడు చేతి డబ్బు బయటికి ఇవ్వరు, ఆడపిల్లను అత్తవారింటికి పంపరు గాని, మంచి ముహూర్తం కుదిరితే పెళ్లి మాత్రం నిక్షేపంగా చేస్తారు.