సబ్‌స్టార్మ్ గురించి అడిగే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. 2024 మేలో లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు చూసినప్పటి నుంచి సౌర తుఫానులే లోకం, సబ్‌స్టార్మ్ ఎందుకొస్తుందని అడుగుతుంటుంది. ఇంజినీరింగ్ వద్దంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి పట్టుకున్నది కాలక్షేపం విషయం కాదండీ. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగుల వెలుగును అరోరా అంటారు. అది ఉన్నట్టుండి భగ్గున వెలిగి ధ్రువం వైపు పాకడాన్ని సబ్‌స్టార్మ్ అంటారు. దాని దశలను 1964లో అకసోఫు అనే శాస్త్రవేత్త వివరించారు. అది సరిగ్గా ఎందువల్ల మొదలవుతుందన్న చర్చ ఇంకా తెగలేదు.

సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహమైన సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగితే, భూమికి రాత్రి వైపు తోకలా సాగిన క్షేత్రంలో శక్తి పోగవుతుంది, లాకు తలుపుల వెనక కాలవ నీరు పెరిగినట్టు. ఆ తలుపు ఎత్తేదెవరన్నదే తగువు. సౌరగాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడమా? క్షేత్రం మళ్లీ ఉత్తరానికి తిరగడమా? బయటి తోపేదీ లేకుండా తోకే తట్టుకోలేకపోవడమా? 2007లో నాసా పంపిన ఐదు థెమిస్ ఉపగ్రహాలు 2008 ఫిబ్రవరిలో ఒక సబ్‌స్టార్మ్‌ను పట్టుకున్నాయి. తోకలో దూరాన క్షేత్రరేఖలు తెగి కలుసుకున్నాకే అరోరా వెలిగిందని ఆ బృందం చెప్పింది. అందరూ ఒప్పుకోలేదు. పెద్ద సౌర తుఫానులో సబ్‌స్టార్మ్‌లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి ఏది దేనివల్లో విడదీయడం మరీ కష్టం.

చదువు సంగతి. ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాస్తే తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. అది రాకపోతే దగ్గర్లోనే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి ఎమ్మెస్సీ ప్రవేశానికి జామ్ పరీక్ష రాయొచ్చు. తర్వాత పీహెచ్‌డీకి గాదంకిలోని వాతావరణ పరిశోధన సంస్థ ఎన్‌ఏఆర్‌ఎల్, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన సంస్థ పీఆర్‌ఎల్, నవీ ముంబైలోని భూ అయస్కాంత సంస్థ ఉన్నాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు. కానీ స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే అనుకోండి. అంతవరకు ఆగగలరా అని ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. సూర్యుణ్ని గమనించే మన ఆదిత్య-ఎల్1 ఉపగ్రహం డేటా వస్తోంది కనుక చేయడానికి మన దేశంలోనే పని ఉంది.

ఇంజినీరింగ్‌ను ఇప్పుడే కొట్టిపారేయొద్దని అమ్మాయికి చెప్పండి. ఉపగ్రహాల పరికరాలు చేసేవాళ్లలో ఎలక్ట్రానిక్స్ వాళ్లు చాలామంది.

పరీక్షలయ్యాక ఒక పని ఇవ్వండి. 2024 మే 10, 11 తేదీల సౌరగాలి డేటా, క్యోటో విశ్వవిద్యాలయం ఇచ్చే ఏఈ సూచీ (అరోరా ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో చెప్పే కొలత) ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైథాన్ నేర్చుకుని రెండు గీతలనూ ఒకే గ్రాఫ్‌లో గీయమనండి. సూచీ ఎగిసిన ప్రతిచోటా అంతకుముందు గంటలో సౌరగాలి ఏం చేసిందో రాయమనండి. వేసవంతా ఆ పనిలో విసుగు లేకుండా కూర్చుంటే, ఐసర్‌కి దరఖాస్తు చేయించండి.