పూతలు తగ్గించుకోవడం గురించి మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. వాషింగ్ మెషీన్ కంట్రోల్ ప్యానెల్‌కు నువ్వు వేయిస్తున్న మూడు పూతల వివరాలు, ఖర్చుల పట్టిక, లోపాలు గుర్తు పెట్టి పంపిన ప్యానెళ్లు అందాయి. ప్రైమర్ అనే అడుగు పూత, వెండి రంగు, క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పై పూత, ఈ మూడింటిలో దేన్ని తీసేయవచ్చో చెప్పమని అడిగావు. దానికి జవాబు చెప్పే ముందు, ఒక్కో పూత ఏ పని కోసం వచ్చి చేరిందో నువ్వు తేల్చుకోవాలి. నేను చూసినంతలో, అచ్చు పోసిన ప్లాస్టిక్ మీద వేసే పూతల్లో చాలా వాటిని అందం కోసం కాక మౌల్డింగ్‌లో వచ్చిన తప్పును కప్పడానికే మొదలుపెడతారు, తరువాత అలవాటుగా కొనసాగిస్తారు. తప్పును అచ్చులోనే సరిదిద్దితే ఆ పూత అవసరం తీరిపోతుంది. సరిదిద్దకుండా పూతను మాత్రం మానేస్తే సరుకు వెనక్కి వస్తుంది.

అందువల్ల పెయింట్ బూత్‌ను వదిలి ముందు మౌల్డింగ్ మెషీన్ దగ్గరికి వెళ్లు. రంగు వేయని ప్యానెళ్లను ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. నువ్వు పంపిన వాటిలో గేట్ దగ్గర, అంటే కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగే చోట, వెండి చారలు ఉన్నాయి. చాలా సందర్భాల్లో వాటికి కారణం ప్లాస్టిక్ గుళికల్లో మిగిలిన తేమ. నీ ప్యానెల్‌కు వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ను 80 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు నుంచి నాలుగు గంటలు ఆరబెట్టిన తరువాతే మెషీన్ గరాటు అయిన హాపర్‌లోకి వదలాలి. తేమతో తీసిన ప్యానెల్‌కు రంగు వేయడం తడి ఆరని గోడకు సున్నం కొట్టడం లాంటిది. చారలు ఆ రోజుకు కనిపించకపోయినా, ఓవెన్‌లో వేడి తగలగానే బొబ్బలు లేచే ప్రమాదం ఉంది. ఇక వెనుక బలం కోసం పెట్టే రిబ్‌లు అనే సన్నటి పట్టీలు ఉన్న చోట ముందువైపు కనిపించే గుంటల సంగతి. 20 మైక్రాన్ల పూత ఏ గుంటనూ పూడ్చలేదు, పైగా మెరిసే పూత అయితే దాన్ని ఎత్తి చూపుతుంది. రిబ్ మొదలు మందం గోడ మందంలో సగం, మహా అయితే 60 శాతం ఉండేలా చూడాలి. అచ్చులో అప్పటికే ఎక్కువ మందంగా చెక్కేసిన రిబ్‌ను సన్నబరచాలంటే ఇన్సర్ట్, అంటే విడిగా చేసి అచ్చులో బిగించే ఉక్కు ముక్క, వేయక తప్పదు. అది ఖర్చే, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు, పూత ఖర్చయితే ప్రతి ప్యానెల్‌కూ పెట్టాల్సిందే. డిజైన్ మీద సందేహం ఉంటే హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌నూ, ప్లాస్టిక్ పరీక్షలకు చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్‌నూ సంప్రదించు. రెండూ నీకు దగ్గరలోనే ఉన్నాయి.

ఇప్పుడు ప్రైమర్ విషయం. పాలీప్రొపైలిన్ మీద రంగు నేరుగా పట్టదు. దాని ఉపరితలానికి మంట తగిలించడమో, ప్లాస్మా చేయడమో, క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ ఉన్న అంటు పూత వేయడమో తప్పనిసరి. నీ ప్యానెల్ ఏబీఎస్, దానికి ఆ ఇబ్బంది లేదు. దాని మీద వాడే రంగుల్లోని ద్రావకం ప్లాస్టిక్ పైపొరను కొద్దిగా మెత్తబరచి పట్టు తెచ్చుకుంటుంది కాబట్టి, శుభ్రంగా ఉన్న ఏబీఎస్‌కు పట్టు కోసం ప్రైమర్ సాధారణంగా అవసరం రాదు. మీ దగ్గర ప్రైమర్ చేస్తున్న అసలు పని నల్లటి గుళికల రంగును కప్పడం. ఆ నలుపు వెండి రంగులోంచి తొంగి చూడకూడదని ఒక పూత మొత్తం ఖర్చు చేస్తున్నావు. ప్యానెల్‌ను లేత బూడిద రంగు ఏబీఎస్‌తో తీసి చూడు. అప్పుడు ప్రైమర్‌తో పని ఉండదు, వాడకంలో గీత పడినా కింద నలుపు బయటపడి వికారంగా కనిపించదు. ఈ ఒక్క మార్పును ఈ నెలలోనే మొదలుపెట్టమని గట్టిగా చెబుతున్నాను.

ప్రైమర్ తీసేసినప్పుడు ఒక జాగ్రత్త ఉంది. రంగులోని ద్రావకం నేరుగా ప్లాస్టిక్‌ను తాకుతుంది కాబట్టి, లోపల ఒత్తిడి నిలిచిపోయిన చోట, ముఖ్యంగా గేట్ చుట్టూ, సన్నటి పగుళ్లు రావచ్చు. దీన్ని ముందే పట్టుకోవడానికి పాత పరీక్ష ఒకటి ఉంది. ప్యానెల్‌ను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంలో 30 సెకన్లు ముంచి, నీళ్లతో కడిగి, ఆరాక చూస్తే ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట తెల్లటి పగుళ్లు తేలుతాయి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా, గాలి ఆడని గదిలో ఈ పని ఎవరిచేతా చేయించవద్దు. పగుళ్లు కనిపిస్తే హోల్డింగ్ ప్రెషర్‌ను, అంటే అచ్చు నిండాక ప్లాస్టిక్‌ను నొక్కి పట్టే ఒత్తిడిని, తగ్గించి, అచ్చు ఉష్ణోగ్రత పెంచి మళ్లీ పరీక్షించు. ఘాటైన థిన్నర్ బదులు నెమ్మదైన థిన్నర్ ఇవ్వమని రంగుల కంపెనీని అడుగు.

క్లియర్ కోట్‌ను మాత్రం తొందరపడి తీయవద్దు. వెండి రంగులోని అల్యూమినియం రేకులు పైకి తేలి ఉంటే వేలు రాసుకున్న చోట వన్నె తగ్గుతుంది, చెమట తగిలి నల్లబడుతుంది. తడి చేతులతో రోజూ తిప్పే నాబ్‌లకు, వేళ్లతో నొక్కే చోట్లకు క్లియర్ కోట్ ఉండనీ. ఎవరూ తాకని పక్క పట్టీలకు, వెనుక అంచులకు మాత్రం, రేకులు పైకి తేలని రకం పొడితో రంగూ హార్డెనరూ అనే రెండు భాగాలను కలిపి వాడే పాలీయురేథేన్‌లోనే వెండి కలిపిన ఒకే పూత సరిపోతుంది. ఈ తేడాను కస్టమర్ డ్రాయింగ్ మీదే గుర్తు పెట్టించు. తాకే భాగం, కనిపించే భాగం, కనిపించని భాగం అని మూడు రంగులతో గీసి సంతకం తీసుకుంటే, కనిపించని భాగానికి పూసే రంగు ఆ రోజుతో ఆగుతుంది.

రంగు అసలే లేకుండా, వెండి మెరుపు కలిపిన గుళికలతోనే ప్యానెల్ తీద్దామన్న నీ ఆలోచనను నేను ఒప్పుకోలేను. ఆ రేకులు కరిగిన ప్లాస్టిక్ ఎటు ప్రవహిస్తే అటు వాలుతాయి. నాబ్ రంధ్రం చుట్టూ రెండుగా చీలిన ప్రవాహం మళ్లీ కలిసే చోట వాటి దిశ మారిపోయి, అక్కడ ముదురు గీత కనిపిస్తుంది. వేడి, వేగం, ప్రెషర్ ఎంత మార్చినా ఆ గీత పలచబడుతుందే గానీ పోదు. రంధ్రాలు లేని చిన్న మూతకు ఆ పద్ధతి పనికొస్తుంది, నాబ్ రంధ్రాలు, డిస్‌ప్లే కిటికీ ఉన్న ప్యానెల్‌కు పనికిరాదు. దానికి బదులు మెరుపు లేని నిండు బూడిద రంగు, దాని మీద సన్నటి టెక్స్చర్, అంటే అచ్చు ఉక్కును యాసిడ్‌తో చెక్కి ప్యానెల్‌కు తెచ్చే గరుకుదనం, అనే దారి ఉంది, రాబోయే మోడల్‌కు నేను గట్టిగా సిఫారసు చేసేది అదే. టెక్స్చర్ ఉన్న మెరుపు లేని ఉపరితలం ప్రవాహాలు కలిసే చోట పడే వెల్డ్ లైన్లను, చిన్న గుంటలను, వేలిముద్రలను చాలావరకు దాస్తుంది. తిరస్కరించిన ప్యానెల్ మీద పూత ఉండదు కాబట్టి అదే రోజు గ్రైండర్‌లో వేసి తిరిగి వాడుకోవచ్చు. రంగు వేసిన దాన్ని అలా వేస్తే పూత తునకలు కలిసి కొత్త ప్యానెల్ బలమూ, పైనున్న నునుపూ రెండూ చెడతాయి.

అయితే టెక్స్చర్‌ను ఉక్కు చెక్కకముందే నిర్ణయించాలి. టెక్స్చర్ లోతు ప్రతి 0.025 మిల్లీమీటర్లకు పక్క గోడకు ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీల వాలు అదనంగా ఇవ్వకపోతే, ప్యానెల్ అచ్చులోంచి వచ్చేటప్పుడు గీరుకుపోతుంది. అచ్చును వెల్డింగ్‌తో మరమ్మతు చేసిన చోట యాసిడ్ వేరుగా తింటుంది కాబట్టి, టెక్స్చర్ తీశాక ఆ మచ్చ ప్రతి ప్యానెల్ మీదా కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కు రంగునిచ్చే మాస్టర్‌బ్యాచ్ కొనేటప్పుడు దాని ఆధార పదార్థం ఏబీఎస్‌తో కలిసే శాన్ అనే ప్లాస్టిక్ రకమా అని అడుగు. చౌకగా దొరికే పాలీఎథిలీన్ ఆధారమైతే ఏబీఎస్‌లో కలవక పొరలుగా ఊడవచ్చు. ఎండలో ఉండే సరుకు ఆర్డర్ వస్తే ఏబీఎస్ పసుపెక్కుతుందని దాని మీద పూతలు పెంచవద్దు, ఎండను బాగా తట్టుకునే ఏఎస్ఏ అనే ప్లాస్టిక్‌కు మారమని కస్టమర్‌కు చెప్పు.

నాబ్ చుట్టూ ఉన్న క్రోమ్ రింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, దాన్ని మానేయడమే మంచిది. ప్లాస్టిక్‌కు క్రోమ్ ఎక్కించే మామూలు పద్ధతిలో, ఉపరితలాన్ని గరుకు చేయడానికి హెక్సావలెంట్ క్రోమియం ఉన్న ఆమ్లం వాడతారు. అది క్యాన్సర్ కారకం. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబర్ 21 తరువాత ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్‌ను వాడకూడదు. ఆ సన్నటి వెండి గీతను వేడి డైతో ఫాయిల్ అద్ది తీసుకురావచ్చు, దానికి ద్రావకమూ ఓవెనూ అవసరం లేదు.

మిగిలిన పూతలను వేసేటప్పుడు, ప్యానెల్ అచ్చుకు అంటుకోకుండా కొట్టే సిలికోన్ రిలీజ్ స్ప్రేను షెడ్డులోకే రానివ్వవద్దు. దాని చుక్క పడిన ప్రతి చోటా పూత విచ్చుకుని చేపకన్నులా గుంట పడుతుంది. ఓవెన్ 80 డిగ్రీలు దాటితే ఏబీఎస్ వంగడం మొదలవుతుంది, కాబట్టి గాలి ఉష్ణోగ్రతతో పాటు ప్యానెల్ ఉష్ణోగ్రత కూడా కొలిపించు. వానాకాలంలో కలిపిన రంగును మూత లేకుండా వదలకూడదు, రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ గాలిలోని తేమతో చర్య జరిపి బుడగలు వస్తాయి. ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తుల్లోకి పోతే శాశ్వతమైన ఉబ్బసం రావచ్చు. స్ప్రే గన్ పట్టుకునే పనివాళ్లకు బయటి గాలి అందే మాస్కులు కొని ఇవ్వు. గుడ్డ కట్టుకుని స్ప్రే చేయడాన్ని నీ బూత్‌లో ఒక్క రోజు కూడా అనుమతించవద్దు, ఈ విషయంలో ఖర్చు చూసుకోవద్దు.

కస్టమర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాటలతో వెళ్లవద్దు. ఇప్పుడు వేస్తున్న మూడు పూతల ప్యానెల్, బూడిద ఏబీఎస్ మీద ప్రైమర్ లేకుండా రెండు పూతలు వేసిన ప్యానెల్, ఒకే పూత వేసిన పక్క పట్టీ, టెక్స్చర్ ముక్క, ఈ నాలుగింటినీ ఒకే వెలుతురులో, వాళ్లు వాడే దూరం నుంచి చూపించు. పూత ఉన్న ప్రతి దానికీ గళ్లు కోసి టేపు అంటించి లాగే పరీక్షను వాళ్ల ముందే చేయించు. ఒప్పుకున్న నమూనాతో పాటు, ఇంతవరకు సరే అనదగ్గ కనీస నమూనా మీద కూడా తేదీ వేయించి రెండు పక్షాల సంతకాలు తీసుకో, ఒక జత నీ దగ్గర ఉంచుకో. రాబోయే మోడల్ అచ్చు డ్రాయింగ్‌ను ఉక్కు ఆర్డర్ ఇవ్వకముందే నాకు పంపు. వాలు, రిబ్ మందం, గేట్ చోటు చూసి వెంటనే జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య