వరి అగ్గి తెగులు పచ్చికలోకి ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా ఇంటి ముందు రైగ్రాస్ పచ్చిక వేసి ఆరేళ్లయింది. ఎప్పుడూ తెగులు రాలేదు. ఈసారి ఎండాకాలం చివర్లో వారం తిరక్కుండానే సగం ఎండిపోయింది. నీళ్లు చాలడం లేదేమోనని సాయంత్రాలు కూడా పెట్టాను, యూరియా చల్లాను. ఇంకా పాడైంది. ల్యాబ్‌లో చూపిస్తే వరికొచ్చే అగ్గి తెగులు శిలీంధ్రమే అన్నారు. మా వైపు గడ్డిలో దీన్ని ఎవరూ చూడలేదు. ఎక్కణ్నుంచి వచ్చింది? అంతా పీకేయాలా?

జవాబు: ముందు యూరియా ఆపండి, సాయంత్రం నీళ్లూ ఆపండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ల్యాబ్ వాళ్ల మాట నిజమే. దాని పేరు పైరిక్యులేరియా ఒరైజే. అయితే ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. వరి మీద బతికే రకం రైగ్రాస్ మీద సాధారణంగా నిలదొక్కుకోదు. కాబట్టి వరి చేలను అనుమానించకండి.

ఎక్కణ్నుంచో వేలు పెట్టి చూపడం కష్టం. దీని బీజాలు గాలికి ఎగురుతాయి, నీటి తుంపరలతో చిందుతాయి, గడ్డి కోసే మిషనుకు అంటుకుని తిరుగుతాయి. ఊళ్లు మారడం దీనికి కొత్త కాదు. అమెరికాలో 1971లో దక్షిణాదిన ఒక్క ఏడాదే బతికే రైగ్రాస్ మీద కనిపించింది. 1991లో పెన్సిల్వేనియా గోల్ఫ్ మైదానాల్లో ఏళ్ల తరబడి బతికే రైగ్రాస్‌ను పట్టింది. ఇదే జాతిలో గోధుమను పట్టే రకం 1985లో బ్రెజిల్‌లో బయటపడి, 2016లో బంగ్లాదేశ్‌లో తేలింది.

మీ పొరపాటు నేనూ చేశాను. మొదటిసారి చూసినప్పుడు ఎండదెబ్బ అనుకుని పది రోజులు నీళ్లు పోయించాను. దగ్గరుండి దాన్ని పెంచినట్టయింది! 28 డిగ్రీలు దాటిన వేడిలో ఆకు రాత్రంతా తడిగా ఉంటే దీనికి పండగే. నత్రజనితో మెత్తబడిన ఆకంటే మరీ ఇష్టం. ఇప్పుడు నేను ముందు ఆకు కొస చూస్తాను. అది గాలం కొక్కెంలా మెలిపడితే, మచ్చల మీద బూడిదరంగు నూగు ఉంటే, నీటి ఎద్దడి కాదు.

తెల్లవారుజామున మాత్రమే నీళ్లు పెట్టండి, ఎండకు త్వరగా ఆరిపోతాయి. తడి గడ్డి కోయొద్దు. కోసింది ఎత్తేయండి. మందు కొట్టాలంటే అజాక్సీస్ట్రోబిన్ వర్గాన్నే మళ్లీ మళ్లీ కొట్టకండి. ఆ మందుకు లొంగని శిలీంధ్ర రకాలు 2000 నుంచే ఉన్నాయి. వేరే వర్గం మందుతో మార్చి మార్చి వాడాలి.

అంతా పీకక్కర్లేదు. అలాగని చచ్చినచోట రేపే విత్తనం చల్లకండి, లేత మొలకలను ఇది రోజుల్లో ఊడ్చేస్తుంది. చల్లబడ్డాక తట్టుకునే రైగ్రాస్ రకం చల్లండి, లేదా కెంటకీ బ్లూగ్రాస్ వేసుకోండి. దాని జోలికి ఇది రాదు.